ముదురడవిని గుర్తించు విధము

అడవి యనగానే మనకు పచ్చని చెట్ల గుంపు మనస్సున స్ఫురించును. దూరమునుండి చూచునప్పుడు నలువది యేండ్ల క్రిందట నాటిన తోపును, నాలుగు వందల యేండ్లనుండి గొడ్డలి యెఱుగక నిలిచిన అడవియు నొక్క తీరుననే కానవచ్చును. కాని యీ రెంటికిని గల భేదము చాల గొప్పది. తోపును నరికినయెడల మఱల నాటవచ్చును. మన జీవితకాలములోనే యది తిరిగి పెరుగును. ముదురడవిని నరికినయెడల దానిని మఱల చూచుటకు పదునైదు, ఇరువది తరములవారు వేచియుండవలెను. కావున "ఇది ముదురడవియా, కాదా?" యను ప్రశ్నకు సరియైన యుత్తరము చెప్పుట చిన్న పని కాదు. అడవి నిలుచుటయో కూలుటయో, దానిని నమ్ముకొన్న ప్రాణులును పనివారును బ్రదుకుటయో చెడుటయో, పలుమారు ఆ యుత్తరముపైననే యాధారపడియుండును.

అట్టి యుత్తరమును శాస్త్రజ్ఞులు రెండు మార్గముల వెదకుదురు. ఒకటి ఆకాశమునుండి చూచుట. దీనికి దూరసంవేదన మని పేరు. రెండవది అడవిలో నడచి, చెట్టుచెట్టును ముట్టి కొలుచుట. ఈ రెండును ఎట్లు జరుగునో, ఒకదానికి మఱియొకటి యేల యవసరమో ఈ వ్యాసమున తెలిసికొందము.

మన యుదాహరణము

అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి భాగమున ఆరిగన్, వాషింగ్టన్ అను రెండు రాష్ట్రములు కలవు. వానిలో కాస్కేడ్ అను పర్వతపంక్తి ఉత్తర దక్షిణములుగా సాగియున్నది. సముద్రపు మేఘములు పడమటి వాలులమీద పుష్కలముగా వర్షించుటచేత అచ్చట మహావృక్షములు పెరుగును. వానిలో ముఖ్యమైనది డగ్లస్ ఫర్. ఇది సూదుల వంటి ఆకులు గల చెట్టు. దీని నీడలో పశ్చిమ హెమ్లాక్, ఎఱ్ఱ సీడర్ అను చెట్లు పెరుగును. వేదపాఠములయందు మనము వినిన లెబానోను దేవదారు వేఱు, ఈ ఎఱ్ఱ సీడర్ వేఱు. పేరు మాత్రమే కలిసినది.

ఈ యడవులలో 500 ఏండ్ల వయస్సు గల డగ్లస్ ఫర్ వృక్షములు కలవు. అనగా శ్రీకృష్ణదేవరాయలు విజయనగరమున రాజ్యము చేయుచుండిన దినములలో అవి మొలకలు. వానిలో ననేకములు 75 మీటర్లకు మించిన యెత్తు గలవి. హైదరాబాదులోని చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లే యని తలచినయెడల ఆ మ్రానుల పరిమాణము మనకు బోధపడును.

1948లో ఆరిగన్ రాష్ట్రమున సుమారు 15,800 ఎకరముల అడవిని పరిశోధనకై ప్రత్యేకించిరి. దానికి తరువాత హెచ్. జె. ఆండ్రూస్ ప్రయోగారణ్య మని పేరు వచ్చెను. ముదురడవిని గూర్చి నేడు లోకము ఎఱిగిన సంగతులలో పెక్కు అచ్చటనే వెల్లడియైనవి.

నాలుగు గుఱుతులు

పూర్వము వ్యాపారులు ముదురడవిని "పండి పాడగుచున్న కలప" గా నెంచిరి. చెట్టు పెరుగుదల మందగించినది, కొన్ని మ్రానులు ఎండినవి, కొన్ని పడి కుళ్లుచున్నవి. కావున త్వరగా నరికి, ఆ చోట క్రొత్త చెట్లు నాటుట మేలని వారి వాదము. 1981లో జెర్రీ ఫ్రాంక్లిన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ యభిప్రాయమునకు భిన్నమైన సంగతులను ప్రకటించిరి. ఎండిన మ్రానును, పడిన దుంగయు వ్యర్థములు కావనియు, అవి యడవికి అవయవముల వంటివనియు వారు చూపిరి. 1986లో ఒక నిపుణుల సంఘము డగ్లస్ ఫర్ ముదురడవికి కొలతలతో కూడిన తాత్కాలిక నిర్వచనమును వ్రాసెను. దాని సారాంశ మిది:

మొదటిది, పెద్ద చెట్లు. ఎకరమునకు 8కి తక్కువ కాకుండ, 32 అంగుళములకు మించిన అడ్డుకొలత గలిగినవో, 200 ఏండ్లకు మించిన వయస్సు గలిగినవో డగ్లస్ ఫర్ చెట్లుండవలెను. వానితోపాటు నీడకు ఓర్చు ఇతర జాతుల చెట్లు 16 అంగుళములకు మించిన అడ్డుకొలతతో 12 ఉండవలెను.

రెండవది, అంతస్తులు. చిన్నవి, నడిమివి, పెద్దవి యగు చెట్లు కలిసి, కొమ్మల కప్పు నేలనుండి శిఖరమువఱకు పలు వరుసలుగా నుండవలెను.

మూడవది, నిలువున ఎండిన మ్రానులు. 20 అంగుళములకు మించిన అడ్డుకొలతయు, 15 అడుగులకు మించిన యెత్తును గలవి ఎకరమునకు 4 అయినను ఉండవలెను.

నాలుగవది, నేలబడిన దుంగలు. ఎకరమునకు 15 టన్నులకు తక్కువ కాకుండ ఉండవలెను. వానిలో 24 అంగుళముల లావును, 50 అడుగుల పొడవును గల దుంగలు 4 ఉండవలెను.

ఈ నాలుగింటిలో వయస్సు ఒక్కటియే ముఖ్యము కాదని మనము గమనింపవలెను. అడవి కట్టుబడి యెట్టిదో అదియే ముఖ్యము. ఎండిన మ్రాను తొఱ్ఱలో పక్షి గూడు పెట్టును. పడిన దుంగమీద హెమ్లాక్ విత్తనము మొలచును. దుంగ మట్టిలో కలియుటకు ఎంత కాలము పట్టునో తెలిసికొనుటకు 1985లో ఆండ్రూస్ అరణ్యమున అయిదు వందలకు పైగా దుంగలను పేర్చి ఒక పరిశోధన నారంభించిరి. అది 200 ఏండ్లు సాగుటకు ఉద్దేశింపబడినది. మొదలుపెట్టినవారు ముగింపు చూడరని తెలిసియే మొదలుపెట్టిరి.

లెక్కలలో భేదము

నిర్వచనము లేని చోట లెక్క యెట్లు తప్పునో చూడుడు. 1988లో విల్డర్నెస్ సొసైటీ అను సంఘము ఆ ప్రాంతమందలి ఆఱు జాతీయారణ్యములలో ముదురడవిని లెక్కించెను. ప్రభుత్వ అటవీశాఖ ప్రణాళికలలో చూపిన విస్తీర్ణములో సగముకంటెను తక్కువయే యున్నదని తేలెను. ఇరువురును లెక్కించినది ఆ యడవులనే; కొలతబద్దలు మాత్రము వేఱు. అటవీశాఖవారి పట్టికలు కలపను అంచనా వేయుటకై పుట్టినవి. సంఘమువారు 1986 నాటి గుఱుతులను అనుసరించిరి.

ఈ భేదము కాగితములతో నిలువలేదు. ముదురడవులలో నివసించు చుక్కల గుడ్లగూబ 1990లో ఆపదయందున్న ప్రాణిగా చట్టరీత్యా ప్రకటింపబడెను. 1994లో ప్రభుత్వము పెద్ద ప్రణాళిక నొకటి యేర్పఱచి, కేంద్రప్రభుత్వపు అడవులలో నఱకుడును మిక్కిలి తగ్గించెను. రంపపు మిల్లులు ననేకములు మూతబడెను. వానిని నమ్ముకొన్న కుటుంబములు కష్టపడెను. పటములో ఒక గీత ఇటు జరిగిన పక్షికి గూడు పోవును. అటు జరిగిన పనివానికి కూడు పోవును. కావుననే ఆ గీత నిజమైనదిగా నుండవలెను.

ఆకాశమునుండి చూచుట

1972లో లాండ్‌శాట్ అను ఉపగ్రహముల వరుసలో మొదటిది ఆకాశమున కెగసెను. 1982నుండి ఈ వరుసలోని ఉపగ్రహములు భూమిని 30 మీటర్ల చదరపు గడులుగా విభజించి చూచుచున్నవి. ఒక ఎకరమునకు నాలుగున్నర గడులు పట్టును. ఒక్కొక్క ఉపగ్రహము ఒక్కొక్క చోటికి 16 దినముల కొకసారి వచ్చును. అది మన కంటికి కానవచ్చు రంగులనే కాక, కానరాని పరారుణ కాంతిని గూడ గ్రహించును. ఆకులు పరారుణ కాంతిని ఎక్కువగా వెనుకకు పంపును గనుక, పచ్చని చెట్లకును ఎండిన నేలకును గల భేదము వెంటనే తెలియును.

మఱి చెట్లలో ముదురు, లేత యెట్లు తెలియును? నీడవలన. ఒకే యేట నాటిన తోపులో చెట్లన్నియు సమానమైన యెత్తున నుండును. పైనుండి చూచిన నది కత్తిరించిన గడ్డివలె నునుపుగా, వెలుగుగా కానవచ్చును. ముదురడవిలో ఒక చెట్టు ఆకాశము నంటుచుండగా పక్కది సగమెత్తుననే యుండును. నడుమ పడిన చెట్ల సందు లుండును. పెద్ద చెట్ల నీడలు చిన్నవానిపై పడుటచేత ఆ యడవి చిత్రములో నల్లగా, గరుకుగా కానవచ్చును.

కాని యీ చూపునకు మూడు లోపములు కలవు. మేఘములు అడ్డమువచ్చిన నేమియు కానరాదు. కొమ్మల కప్పు ఒకసారి మూసికొన్న తరువాత నూరేండ్ల అడవికిని మూడు వందల యేండ్ల అడవికిని రంగులో భేదము స్వల్పము. మూడవది, ఉపగ్రహముల జ్ఞాపకము అర్ధశతాబ్దమునకు కొంచెము మించినది మాత్రమే. 1980లో నరికిన చోటును అది తప్పక చూపును. 1910లో నరకబడి తిరిగి పెరిగిన చోటును గూర్చి దానికేమియు తెలియదు.

వెలుగుతో కొలుచుట

ఎత్తును, అంతస్తులను తెలిసికొనుటకు లైడార్ అను సాధనము పుట్టినది. విమానమునుండి గాని ఉపగ్రహమునుండి గాని లేసర్ కాంతిని తునుకలు తునుకలుగా క్రిందికి పంపుదురు. కొంత కాంతి చెట్టు కొనకు తగిలి వెనుదిరుగును. కొంత నడిమి కొమ్మలకు తగిలి తిరిగివచ్చును. సందులలోనుండి జారిన కొంత నేలను తాకి వచ్చును. ముందు వచ్చినదానికిని, వెనుక వచ్చినదానికిని గల కాలభేదమే చెట్టు ఎత్తునకు కొలత.

దీనిని లెక్కగా చేసి చూతము. కాంతి సెకనునకు సుమారు 30 కోట్ల మీటర్లు పోవును. చెట్టు 75 మీటర్ల యెత్తున్నయెడల, నేలకు తగిలిన కాంతి, కొనకు తగిలినదానికంటె పోవునప్పుడు 75, వచ్చునప్పుడు 75, మొత్తము 150 మీటర్లు ఎక్కువ నడువవలెను. 150ని 30 కోట్లతో భాగించినయెడల సెకనులో ఇరువది లక్షల వంతు వచ్చును. ఇంత స్వల్పకాలమును తప్పక కొలుచు గడియారము ఆ సాధనములో నున్నది.

2018 డిసెంబరులో జెడీ అను లైడార్ సాధనమును అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు పంపిరి. దాని ఒక్కొక్క కాంతిచుక్క నేలమీద సుమారు 25 మీటర్ల వెడల్పుగా పడి, ఆ చోటి అడవిలో ఏ యెత్తున ఎంత ఆకు, ఎంత కొమ్మ యున్నదో వ్రాసి చూపును. అయితే చుక్కకును చుక్కకును నడుమ ఎడముండును. అది యడవినంతను కప్పదు.

మఱియొక మార్గము రాడార్. ఇందు మన తెలుగుదేశమునకు సంబంధ మున్నది. 2025 జూలై 30వ తేదీన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటనుండి నిసార్ అను ఉపగ్రహము జి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై ప్రయోగింపబడెను. దీనిని భారత, అమెరికా దేశములవారు కలిసి నిర్మించిరి. దాని రేడియోతరంగములలో నొకటి సుమారు 24 సెంటీమీటర్ల నిడివి గలది. అట్టి తరంగము మేఘములను దాటి, ఆకులలోనుండి దూరి, కొమ్మలను మ్రానులను తాకి తిరిగివచ్చును. పండ్రెండు దినముల కొకమారు అది వచ్చిన దారినే తిరిగివచ్చును గనుక, ఎక్కడ చెట్లు కూలినవో త్వరలోనే తెలియును. కాని కలప మిక్కిలి దట్టమైన చోట ఈ తరంగమునకును "చాల యున్నది" అని మాత్రమే తెలియును. "ఎంత యున్నది" అని తెలియదు. ముదురడవి యట్టి చోటే.

నేలమీది పరీక్ష

కాబట్టి మనుష్యుడు నడచి పోవలెను. అమెరికా అటవీశాఖవారు దేశమంతటను సుమారు 6,000 ఎకరముల కొకటి చొప్పున శాశ్వత పరీక్షాస్థలముల నేర్పఱచుకొన్నారు. ఒక్కొక్క స్థలమున 24 అడుగుల వ్యాసార్ధము గల నాలుగు వృత్తము లుండును. ఆ వృత్తములలోని చెట్లకు జాతి, లావు, ఎత్తు వ్రాసికొందురు. ఎండిన మ్రానులను లెక్కించుదురు. పడిన దుంగలను కొలుతురు. కొన్ని యేండ్లకు మఱల వచ్చి ఆ చెట్లనే తిరిగి కొలుతురు.

చెట్టు లావును నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తున, అనగా ఱొమ్మెత్తున కొలుచుట మర్యాద. వేళ్ల దగ్గఱ మొదలు ఉబ్బియుండుటయే దీనికి కారణము. వయస్సును తెలిసికొనుటకు బోలుగా నుండు సన్నని బరమాను మ్రానులోనికి తిప్పి, పెన్సిలువంటి కొయ్యపుల్లను బయటికి తీయుదురు. అందు ఏటి కొకటిగా నేర్పడిన వలయములను లెక్కింతురు. లావు చూచి వయస్సు చెప్పరాదు. సారవంతమైన నేలలో నూరేండ్ల చెట్టు మహావృక్షముగా నుండవచ్చును. రాతినేలలో మూడు వందల యేండ్ల చెట్టు సన్నగా నుండవచ్చును. మిక్కిలి పెద్ద మ్రానులలో బరమా నడిమికి అందదు. కొన్నిటి గర్భము పుచ్చియుండును. అప్పుడు ఇతర చెట్ల సాక్ష్యమును బట్టి ఊహింపవలసియుండును.

నిర్వచనములోని నాలుగు గుఱుతులలో పడిన దుంగ ఆకాశమునుండి దాదాపు కానరాదు. దానిని నేలమీద నడచినవాడే చూడగలడు.

రెంటిని కలుపుట

అయితే నడకకు హద్దు కలదు. పైన చెప్పిన నాలుగు వృత్తముల మొత్తము విస్తీర్ణము ఎకరములో ఆఱవ వంతు. అది 6,000 ఎకరములకు ప్రతినిధి. అనగా 36,000 పాళ్లలో ఒక పాలు మాత్రమే కొలువబడుచున్నది. మిగిలిన 35,999 పాళ్లను గూర్చి ఏమి చెప్పవలెను?

ఇందుకు జానెట్ ఓమన్, మాథ్యూ గ్రెగరీ అను శాస్త్రజ్ఞులు 2002లో ఒక పద్ధతిని ప్రకటించిరి. ఎవరును నడువని ఒక గడిని తీసికొని, దాని ఉపగ్రహ వర్ణములు, ఎత్తు, వాన, వేడిమి మొదలగువానిని చూతురు. కొలిచిన పరీక్షాస్థలములలో ఈ లక్షణములయందు దానికి మిక్కిలి దగ్గఱగా నున్న స్థల మేదో వెదకుదురు. ఆ స్థలమందలి చెట్ల కొలతలనే ఈ గడికి అన్వయింతురు. ఎఱుగని బాలుని ముఖము చూచి "వీడు ఫలానివారి పిల్లవాడు" అని ఊరి పెద్దలు పోల్చినట్లే యిది. ఒక్కొక్క గడియందు పొరపాటు పడవచ్చును. విశాల ప్రదేశముల మొత్తములకు మాత్రము ఈ పద్ధతి నమ్మదగినది.

2022 ఏప్రిల్ 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు కేంద్రప్రభుత్వపు అడవులలోని ముదురడవులను లెక్కింపవలసినదని ఉత్తరువు చేసెను. 2023లో వెలువడిన నివేదిక ప్రకారము రెండు శాఖల యధీనమున నున్న సుమారు 17 కోట్ల 80 లక్షల ఎకరముల అడవిలో ముదురడవి సుమారు 3 కోట్ల 20 లక్షల ఎకరములు. ముదురుచున్న అడవి సుమారు 8 కోట్ల ఎకరములు. ఈ లెక్కకు మూలము నేలమీది పరీక్షాస్థలములే.

ఆ లెక్కలో ఒక్క కొలతబద్దనే అన్ని చోట్లను వాడలేదని గమనింపుడు. కాస్కేడ్ పర్వతములకు తూర్పున వాన తక్కువ. అచ్చట పాండెరోసా పైన్ అను చెట్టు పెరుగును. పూర్వము నేలబారు మంటలు తఱచుగా వచ్చి క్రింది పొదలను, పడిన దుంగలను కాల్చివేయుచుండెను. దళసరి బెరడు గల పెద్ద చెట్లు మాత్రము నిలిచెను. అచ్చటి ముదురడవి ఎడమెడముగా, ఎండపడుచు, దుంగలు తక్కువగా నుండును. తడినేల నిర్వచనముతో దానిని కొలిచినయెడల "ఇది ముదురడవి కాదు" అని తప్పుతీర్పు చెప్పుదుము. కాబట్టి ఆయా నేలకును ఆయా జాతికిని తగిన నిర్వచనములు వేఱువేఱుగా నుండవలెను.

ఈ శ్రమ యేల?

ఆండ్రూస్ అరణ్యమున శాస్త్రజ్ఞులు విమాన లైడార్ కొలతలను, చెట్లక్రింద నుంచిన ఉష్ణమాపకములను కలిపి పరిశీలించి 2016లో ఫలితములను ప్రకటించిరి. వసంతకాలమున ముదురడవి నీడలో అత్యధిక వేడిమి, తోపులలో కంటె 2.5 డిగ్రీలవఱకు తక్కువగా నున్నదని తేలెను. వేడెక్కుచున్న లోకములో చల్లదనము కోరు పక్షికి, పురుగుకు, నాచుకు అట్టి చోటు ఆశ్రయము.

2023 ఆగస్టులో పిడుగు పడి రేగిన మంట ఆ యరణ్యములో సుమారు డెబ్బది పాళ్లు వ్యాపించెను. మంట వెళ్లిన చోటనెల్ల అడవి చావలేదు. కొన్ని చోట్ల మ్రానులు మాడెను, కొన్ని చోట్ల నేల మాత్రమే కాలెను. ఎచ్చట ఏది జరిగెనో చెప్పగలుగుటకు కారణము, మంటకు ముందే అచ్చట డెబ్బదియైదేండ్ల కొలతలు వ్రాసియుంచిరి. ముందు లెక్క లేనియెడల పోయినదెంతయో ఎవరు చెప్పగలరు?

విద్యార్థులకు అభ్యాసము

మీ యూరిలో మిక్కిలి పెద్దదగు చింత, మఱ్ఱి, వేప, మామిడి చెట్లలో నొకదానిని తీసికొనుడు. మఱ్ఱి ఊడలను విడిచి నడిమి మ్రానునే కొలువుడు. నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తున త్రాడు చుట్టి చుట్టుకొలత వ్రాయుడు. దానిని 22/7తో భాగించిన అడ్డుకొలత వచ్చును. చుట్టుకొలత 100 అంగుళములకు కొంచెము మించినచో అడ్డుకొలత 32 అంగుళము లగును. తరువాత ఒక మీటరు కఱ్ఱను నిలువుగా నాటి దాని నీడను, చెట్టు నీడను అదే వేళ కొలువుడు. చెట్టు నీడను కఱ్ఱ నీడతో భాగించిన చెట్టు ఎత్తు మీటర్లలో వచ్చును. వయస్సునకు మాత్రము చెట్టును గాయపఱపవలదు. మన వేడి ప్రాంతములలోని చెట్లలో ననేకములకు స్పష్టమైన వార్షిక వలయములు లేవు. టేకు వంటి కొన్నిటికే కలవు. కావున ఇంటి పెద్దలను అడిగి వారి జ్ఞాపకమును వ్రాసికొనుడు.

తలిదండ్రులకు మా మనవి: పిల్లలు కొలిచిన ఆ కాగితమును తేదీతో భద్రపఱపుడు. పదియేండ్లకు వారి తమ్ములో చెల్లెండ్రో ఆ చెట్టునే మఱల కొలిచినయెడల అది యెంత పెరిగెనో తెలియును. సృష్టికర్త మనకంటె ముందుగా నిలిపిన వృక్షములను మన వెనుకవారికి అప్పగించుట మన విధి. అప్పగించువానికి లెక్క వ్రాసియుంచుట మొదటి పని.